మెడిటరేనియన్ ఆకులు: ఏది కుండీలో పెంచాలి, ఏది కట్ట కొనాలి, ఏది ఎండుదైనా చాలు

వంటకంలో రెండంటే రెండు రెమ్మల థైమ్ వేయమని ఉంటుంది, కొట్లో మాత్రం గుప్పెడు కట్ట తప్ప విడిగా దొరకదు. రెండు రెమ్మలు వాడాక మిగతాది ఫ్రిజ్ అడుగు అరలోకి వెళ్లి, వారం పది రోజులకి వాడిపోయి చెత్తబుట్టలో పడుతుంది. టబూలే (లెబనాన్ ఆకు సలాడ్) చేసుకుందామని పార్స్లీ కుండీ పెట్టుకున్నవాళ్ల కష్టం దీనికి తిరగేసి ఉంటుంది. నెలల తరబడి నీళ్లు పోసి పెంచిన మొక్కకి గుండు చేసినా నలుగురికి సరిపడా ఆకు రాదు. ఇద్దరూ ఆకు సరైనదే ఎంచుకున్నారు, కానీ దాన్ని ఎలా తెచ్చుకోవాలన్న దగ్గర లెక్క తప్పింది. థైమ్ పెంచుకోవాల్సింది, పార్స్లీ కొనుక్కోవాల్సింది.

అందుకే "ఏ హెర్బ్ మంచిది" అన్న ప్రశ్న నాకు పెద్దగా ఉపయోగపడేదిగా అనిపించదు. రోజ్‌మేరీ గొప్పదా, బేసిల్ గొప్పదా అంటే ఏం చెప్తాం? ఏ ఆకుని ఏ రూపంలో ఇంట్లో ఉంచుకోవాలి అన్నది మాత్రం తేల్చగలిగే విషయం. కుండీలో మొక్కగానా, కావాల్సినప్పుడు తెచ్చుకునే తాజా కట్టగానా, సీసాలో ఎండు ఆకుగానా? ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

ముందు ఈ నాలుగూ చూసుకోండి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక్కసారికి ఎంత వాడతారన్నది. రెమ్మల లెక్కన వాడేవాటికి మొక్క ఉంటే హాయి, కావాల్సినప్పుడు రెండు తుంచుకుంటారు, మిగతాది చెట్టునే తాజాగా ఉంటుంది. కట్టల లెక్కన వాడేవాటిని ఒకటి రెండు కుండీలతో నెట్టుకురావడం కష్టం.

రెండోది, ఎండితే వాసన ఉంటుందా పోతుందా. థైమ్, ఒరెగానోల్లో ఆకు చిన్నది, అందులోని థైమాల్, కార్వక్రాల్ లాంటి నూనెలు నీడలో ఎండబెట్టినా చాలావరకు నిలుస్తాయి. బేసిల్, పార్స్లీల ఆకు పల్చన, తడి ఎక్కువ, ఎండేలోపే అసలు వాసన ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది. ఎండుది బాగుండే ఆకు కోసం కుండీ చోటు ఖర్చు పెట్టాలా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

మూడోది మీ చోటు. నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుంది, గాలిలో తేమ ఎంత, చలికాలంలో గడ్డకట్టే చలి వస్తుందా. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, మెడిటరేనియన్ ఆకులన్నీ ఒకే రకం మొక్కలు అనుకోవడం. దక్షిణ ఫ్రాన్స్‌లో గారిగ్ అనీ, ఇటలీలో మాక్యా అనీ, గ్రీసులో ఫ్రిగానా అనీ పిలిచే పొద నేలలు ఉంటాయి. అక్కడ చలికాలం వానలు, ఎండాకాలం చుక్క నీరు ఉండదు, చాలాచోట్ల సున్నపురాయి మీద పల్చటి మట్టి. రోజ్‌మేరీ, థైమ్, సేజ్, ఒరెగానో అలాంటి చోట్ల సొంతంగా పెరిగేవి. బేసిల్ సంగతి వేరు, దాని పుట్టుక ఉష్ణమండలంలో, దానికి వెచ్చదనంతో పాటు నీళ్లూ కావాలి. పార్స్లీ, పుదీనా కూడా తడి కోరేవే. అందుకని ఆరు రకాల గింజలు, ఒకే పొడుగు తొట్టె కలిపి అమ్మే "హెర్బ్ కిట్" కొనకండి. బేసిల్‌కి సరిపడా నీళ్లు పోస్తే రోజ్‌మేరీ వేరు కుళ్లుతుంది, రోజ్‌మేరీకి తగ్గట్టు ఎండగడితే బేసిల్ వాడిపోతుంది.

నాలుగోది ఆయుష్షు. బేసిల్, డిల్ ఒక్క సీజన్‌వి. పార్స్లీ రెండేళ్ల మొక్క, రెండో ఏడు పూతకి వచ్చి ఆకు చేదెక్కుతుంది. థైమ్, సేజ్ కొన్నేళ్లు ఉంటాయి. రోజ్‌మేరీ, బే ఆకు చెట్టు ఏళ్ల తరబడి పెరిగే గట్టి కాండం మొక్కలు.

టేబుల్ చూస్తే నా ఓటు దేనికో తెలిసిపోతుంది. ఎందుకు అలా అన్నానో కింద ఉంది.

| ఆకు | ఒక్కసారికి వాడేది | ఎండితే | ఎండ, నీళ్లు | నా ఓటు |
|---|---|---|---|---|
| బేసిల్ | కొన్ని ఆకులు (పెస్టో అనే బేసిల్ పచ్చడికి కట్టలు) | పనికిరాదు | 6 గంటల ఎండ, తడి ఆరనివ్వకూడదు | కుండీ |
| థైమ్ | 2, 3 రెమ్మలు | బాగుంటుంది | మంచి ఎండ, తక్కువ నీళ్లు | కుండీ |
| రోజ్‌మేరీ | ఒక కొమ్మ | పర్వాలేదు, సూదుల్లా గుచ్చుకుంటుంది | మంచి ఎండ, చాలా తక్కువ నీళ్లు | వాతావరణం పొడిగా ఉంటే కుండీ |
| ఒరెగానో | చిటికెడు, చెంచా | తాజాదానికన్నా మేలు | మంచి ఎండ, తక్కువ నీళ్లు | సీసా |
| మరువం | కొన్ని రెమ్మలు | ఫర్వాలేదు | ఎండ, మితంగా నీళ్లు | కుండీ, చోటుంటే |
| సేజ్ | 5, 10 ఆకులు | వేరే రుచి వస్తుంది | ఎండ, తక్కువ నీళ్లు | కుండీ లేదా కట్ట |
| పార్స్లీ | కట్ట | పనికిరాదు | సగం ఎండైనా చాలు, తడి కావాలి | కట్ట |
| పుదీనా | గుప్పెడు | టీకి సరే | సగం నీడైనా చాలు, తడి కావాలి | విడి కుండీ |
| డిల్ | చిన్న కట్ట | చప్పబడుతుంది | ఎండ, తడి | కట్ట |
| బే ఆకు | 1, 2 ఆకులు | బాగుంటుంది | ఎండ, మితంగా నీళ్లు | సీసా |

బేసిల్

ఒకే ఒక్క కుండీకి చోటుంటే అది దీనికే ఇవ్వండి. ఎండుది దండగ, కట్ట తెస్తే రెండో రోజుకే వేలాడిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే నల్లబడుతుంది (10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే దీనికి పడదు, మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది). పైగా టమాటా ముక్కల మీద నాలుగు ఆకులు, పాస్తా మీద ఆరు ఆకులు, ఇలా కొంచెం కొంచెంగా వాడే ఆకు. మొక్క ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా తెలిసేది దీని దగ్గరే.

గింజలు 20 డిగ్రీల పైన ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తాయి. ఆ తర్వాత అందరూ చేసే పొరపాటు కింద పెద్ద ఆకుల్ని ఒక్కొక్కటే పీకడం. అలా చేస్తే పైన చిన్న జుట్టుముడితో, కింద బోసి కాడతో ఒంటికాలి మీద నిలబడ్డట్టు తయారవుతుంది. మొక్కని దగ్గరగా పట్టుకుని చూడండి. కాడ నలుపలకగా ఉంటుంది, దాని మీద ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి, ఒక్కో ఆకు కాడని అంటుకునే మూలలో బియ్యపుగింజంత చిగురు రెండు వైపులా దాక్కుని ఉంటుంది. కింద రెండు మూడు జంటలు వదిలేసి, ఆ చిగుళ్లకి కాస్త పైన కాడని గోటితో గిల్లేయాలి. పై భాగం మీ వంటకి, ఆ చిగుళ్లు రెండూ వారంలో రెండు కొత్త కొమ్మలు. వాటిని మళ్లీ ఇలాగే గిల్లితే నాలుగు. పూమొగ్గ కనిపిస్తే ఆలోచించకుండా తుంచేయండి, పూత మొదలైతే మొక్క ఆకు మీద శ్రద్ధ తగ్గించేస్తుంది. గిల్లిన కొమ్మని నీళ్లలో పెడితే వారం, రెండు వారాల్లో వేళ్లు వస్తాయి, ఇంకో మొక్క ఉచితం.

సూపర్‌మార్కెట్‌లో కుండీతో సహా దొరికే బేసిల్ చూడ్డానికి ఒక్క గుబురు మొక్కలా ఉంటుంది. కాడల మొదళ్లు విడదీసి చూస్తే బొటనవేలంత జాగాలో పది పదిహేను మొలకలు కిక్కిరిసి ఉంటాయి. అది అమ్మకానికి పనికొచ్చే ఏర్పాటు, బతకడానికి కాదు. తెచ్చిన రోజే మట్టిగడ్డని మూడు నాలుగు ముక్కలుగా విడదీసి వేరే కుండీల్లో నాటి, పైన మూడో వంతు కత్తిరించి తినేస్తే నెలల తరబడి వస్తుంది. అలా చేసే ఓపిక లేకపోతే దాన్ని పెద్దసైజు కట్ట అనుకుని రెండు వారాల్లో వాడేయండి, అదీ తప్పేం కాదు.

తేమ ఎక్కువున్న చోట దీనికి డౌనీ మిల్డ్యూ అనే తెగులు వస్తుంది. ఆకు పైన ఈనెల మధ్య పసుపు పట్టీలు, తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు నూగు. వచ్చాక ఆ మొక్కని పీకేయడమే. ముందే జాగ్రత్తపడాలంటే ఆకుల మీద కాకుండా మొదట్లో, అదీ పొద్దునపూట నీళ్లు పోయాలి, మొక్కల మధ్య గాలి ఆడాలి.

పెస్టో విషయంలో మాత్రం నేను కుండీని నమ్మను. నలుగురికి పెస్టో అంటే 60 గ్రాముల దాకా ఒట్టి ఆకు కావాలి, అది ఒక్క మొక్క ఇచ్చేది కాదు. జెనోవా పెస్టోకి వాడే బసిలికో జెనొవేసేకి 2005 నుంచి ఐరోపాలో డీఓపీ (పుట్టిన ప్రాంతాన్ని బట్టి పేరుకి ఇచ్చే) రక్షణ ఉంది, అక్కడ మొక్కలు చిన్నగా, ఆకు లేతగా ఉన్నప్పుడే కోసేస్తారు. ముదిరిన పెద్ద ఆకుతో అదే రుచి రాదు. నెలకోసారి పెస్టో తినాలనిపిస్తే ఆ రోజుకి కట్టలు తెచ్చుకోండి. వారం వారం కావాలంటే వెడల్పాటి తొట్టెలో మూడు వారాలకోసారి గింజలు ఒత్తుగా చల్లి, లేతగా ఉండగానే మొత్తం కోసేయడం మంచి పద్ధతి.

థైమ్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అదే దీని గొప్పదనం. చిన్న కుండీ, మంచి ఎండ, మర్చిపోయినా బతికే స్వభావం. చలికి కూడా రోజ్‌మేరీ కన్నా బాగా తట్టుకుంటుంది. ఎండు థైమ్ కూడా బాగుంటుంది కదా, మరి కుండీ ఎందుకంటారా? తాజా రెమ్మని పుల్లతో సహా గిన్నెలో పడేసి చివర్లో పుల్ల తీసేయొచ్చు, ఎండుది వేస్తే పులుసంతా నలకలు. ఆకు దూయాలంటే రెమ్మ కొన పట్టుకుని వెనక్కి, అంటే కొన నుంచి మొదలు వైపు, రెండు వేళ్లతో లాగండి, ఒక్క ఊపులో రాలిపోతాయి. లేత కొమ్మైతే తెగిపోతుంది, అప్పుడు కాడతో సహా తరిగేయడమే. లెమన్ థైమ్ దొరికితే అదొక కుండీ పెట్టండి, చేపకీ కోడికీ రెండింటికీ పనికొస్తుంది.

రోజ్‌మేరీ

అందరూ మొదట కొనేది ఇదే, అందరి దగ్గరా మొదట చచ్చేదీ ఇదే. వృక్షశాస్త్రంలో దీన్ని 2017లో సేజ్ ప్రజాతిలోకి కలిపి సాల్వియా రోస్మారినస్ అన్నారు, కొన్ని నర్సరీ చీటీల మీద ఇంకా పాత పేరు రోస్మారినస్ అఫిషినాలిస్ కనిపిస్తుంది. రెండూ ఒకటే, రెండు రకాలనుకుని రెండూ కొనకండి.

గింజల నుంచి పెంచాలనుకుంటే ఓపికకి పరీక్షే, సరిగ్గా మొలవవు, మొలిచినా కోతకి వచ్చేసరికి ఏడాది దాటుతుంది. మొక్క కొనుక్కోండి, లేదా ఎవరి దగ్గరైనా పది సెంటీమీటర్ల లేత కొమ్మ అడిగి తెచ్చి, కింద సగం ఆకు దూసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. నెలా నెలన్నరలో వేరు పడుతుంది.

ఇది చావడానికి కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లే, ఒకోసారి ఎక్కువై, ఒకోసారి తక్కువై, చిక్కేంటంటే రెండింటికీ పైకి ఒకేలా కనిపిస్తుంది. బేసిల్‌కి దాహమేస్తే తల వాల్చేస్తుంది, నీళ్లు పోస్తే గంటలో లేస్తుంది. రోజ్‌మేరీ అలా చెప్పదు. ఆకు గట్టిది కాబట్టి లోపల ఎండిపోయినా వారాల పాటు పచ్చగానే నిలబడి ఉంటుంది, మనం చేత్తో తాకితే గలగలా రాలినప్పుడు తెలుస్తుంది, అప్పటికి చేసేదేం లేదు. అందుకని ఆకుని కాదు మట్టిని చూడాలి. వేలు రెండో కణుపు దాకా గుచ్చి, అక్కడ పొడిగా ఉంటేనే నీళ్లు, పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేదాకా. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. పాటింగ్ మిక్స్‌లో మూడో వంతు ముతక ఇసుకో పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి గుళికలు) కలపండి, ప్లాస్టిక్ కన్నా మట్టి కుండీ నయం, గోడలోంచి తడి ఆరుతుంది.

వేడీ తేమా కలిసి ఉండే వాతావరణంలో ఉన్నవాళ్లు ముందే ఒక మాట అనుకోవాలి. మొక్కకి వేడి సమస్య కాదు, వేడిలో ఆరని తడి సమస్య. వానాకాలం నెలలు పైకప్పు కింద, గాలి ఆడేచోట పెట్టగలిగితే పెంచండి. లేకపోతే కట్ట కొనుక్కోవడమే మంచిది, ఎందుకంటే రోజ్‌మేరీ కట్ట తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఏమీ కాదు.

కత్తిరించేటప్పుడు ఆకు ఉన్న పచ్చటి భాగంలోనే కోయండి. ఆకులేని ముదురు చెక్కలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం అరుదు.

వంటలో చేయి అదుపులో ఉండాలి. కాల్చే బంగాళాదుంపలకి, గొర్రె మాంసానికి, ఫొకాచా రొట్టె మీదకి దీన్ని మించింది లేదు, కానీ ఒక కొమ్మ చాలిన చోట మూడు వేస్తే కర్పూరం తిన్నట్టు ఉంటుంది.

ఒరెగానో, దాని చుట్టం మరువం

తాజాది ఎప్పుడూ ఎండుదానికన్నా మేలు అనేవాళ్లకి ఒరెగానో చూపించండి. తాజా ఆకు కొంచెం గరుకు, కొంచెం పచ్చి. ఎండితే ఆ పచ్చిదనం పోయి అసలు ఘాటు బయటికొస్తుంది. గ్రీసులో పూరెమ్మలతో సహా ఎండబెట్టి, ఫెటా చీజ్ మీద నలిపి చల్లుతారు. 2010లో ఐరోపా సమాఖ్య నమోదు చేసిన పిజ్జా నాపొలెతానా (ఇటలీలోని నాపొలి ఊరి పిజ్జా) నియమాల్లో కూడా చూడండి, మార్గరీటా పిజ్జా మీద తాజా బేసిల్, మారినారా పిజ్జా మీద ఒరెగానో. నాపొలి వాళ్లకి ఏది తాజాగా కావాలో ఏది అక్కర్లేదో బాగా తెలుసు.

కొనేటప్పుడు ఒక చూపు అవసరం. నర్సరీలో ఒట్టి "ఒరెగానో" అని ఉన్న మొక్క ఆకు నలిపి వాసన చూడండి, చాలావాటికి వాసనే ఉండదు, అందానికి పెంచేవి. గ్రీక్ ఒరెగానో, అంటే హిర్టమ్ అనే ఉపజాతి, ముక్కుకి కొట్టినట్టు ఉంటుంది. సీసాల్లో మెక్సికన్ ఒరెగానో అని దొరికేది అసలు ఈ కుటుంబమే కాదు, వేరే మొక్క, వేరే రుచి.

ఇంట్లో ఎండబెట్టాలంటే మొగ్గ తొడిగి ఇంకా విచ్చని సమయంలో కోసి, నీడలో తలకిందులుగా కట్టండి, అప్పుడే ఘాటు ఎక్కువ.

మరువం ఇదే ప్రజాతి, కానీ మెత్తనిది, తీపి వాసన, చలికి తట్టుకోదు. గుడ్లలో, కూరగాయల్లో చివర్లో వేస్తే చాలా బాగుంటుంది. ఒరెగానో అడిగిన చోట మరువం వేస్తే ఎవరూ ఏమీ అనరు, మరువం అడిగిన చోట ఒరెగానో వేస్తే మిగతా రుచులన్నీ మింగేస్తుంది.

పార్స్లీ

టబూలే అంటే గోధుమరవ్వలో కాస్త ఆకు చల్లింది అనుకుంటారు చాలామంది. లెబనాన్ పద్ధతిలో అది ఆకు సలాడ్, బుల్గర్ అనే ఆ రవ్వ పేరుకే. ఒక గిన్నెకి రెండు మూడు పెద్ద కట్టలు పడతాయి. మొరాకో చెర్మూలా, ఇటలీ గ్రెమొలాటా, ఫ్రాన్స్ పెర్సియాద్ లాంటి ఆకు మిశ్రమాలు, వీటన్నిటికీ గుప్పెళ్లు గుప్పెళ్లు కావాలి. అందుకే కట్ట అన్నాను. దొరకడం కూడా తేలిక, చల్లటి నీళ్ల గ్లాసులో కాడలు ముంచి, పైన కవర్ వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెడితే వారం పైనే ఉంటుంది.

పైన చల్లుకోవడానికి మాత్రమే వాడేవాళ్లయితే కుండీ సరే. గింజలు మూడు నాలుగు వారాల దాకా మొలవవు, చచ్చిపోయాయని కుండీ పారబోయకండి, రాత్రంతా నానబెట్టి చల్లితే కాస్త ముందొస్తాయి. వేరు తల్లివేరు కాబట్టి లోతైన కుండీ కావాలి, పదేపదే మార్చి నాటితే అలుగుతుంది. కోసేటప్పుడు బయటి కాడల్ని మొదలంటా కోయాలి, మధ్య చిగురు ముట్టకూడదు. రుచికి వెడల్పాకు రకం, అలంకారానికి ముడతల రకం.

ఒక మాట, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే పార్స్లీలో విటమిన్ కె చాలా ఎక్కువని గుర్తుంచుకోండి. రోజూ లేనిది ఒక్కరోజు గిన్నెడు టబూలే తినడం వాళ్లకి మంచిది కాదు, ముందు డాక్టర్‌ని అడగాలి.

సేజ్, పుదీనా, డిల్, బే: వీటికి ఇంత చాలు

సేజ్ వాడేవాళ్లు బాగా వాడతారు, వాడనివాళ్లకి నెలకోసారి కూడా గుర్తురాదు. వెన్నలో ఆకులు కరకరలాడేదాకా వేయించి పాస్తా మీద పోసుకోవడం ఒక్కసారి నచ్చితే మొక్క కొనేయండి, దానికీ రోజ్‌మేరీ నియమాలే. మూడు నాలుగేళ్లకి చెక్కబారిపోతుంది, అప్పుడు కొమ్మ గుచ్చి కొత్తది చేసుకోవాలి. ఎండు సేజ్ పొడి కాస్త బూజు వాసన కొడుతుంది, నాకు పడదు.

పుదీనా దేనితోనూ కలిపి నాటకండి. మట్టి కింద తీగలు పరిగెత్తి తొట్టె మొత్తం ఆక్రమిస్తుంది.

డిల్ ఎండ కాస్త ముదరగానే పూతకొచ్చేస్తుంది, అప్పుడప్పుడు పెరుగులోకో చేపలోకో వాడేవాళ్లకి కట్టే సుఖం.

బే చెట్టు అందంగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. అప్పుడే కోసిన ఆకు కాస్త చేదు, కొన్ని రోజులు ఆరితేనే బాగుంటుంది, అలాంటప్పుడు ఎండుది కొనడానికి సిగ్గెందుకు. కాకపోతే సీసాలో ఆకుని చూసి కొనండి. మధ్యలో ఒకే ఈనె, దాన్నుంచి పక్కలకి చిన్నవి చీలితే అది మెడిటరేనియన్ బే. మొదలు నుంచి కొన దాకా మూడు నిలువు ఈనెలు ఉంటే అది దాల్చినచెక్క కుటుంబపు ఆకు, వాసన కూడా అటే పోతుంది.

ఎలాంటివాళ్లకి ఏది

ఎండ పడే కిటికీ ఒక్కటే ఉంటే: బేసిల్, థైమ్, విడివిడి కుండీల్లో. రోజ్‌మేరీ ఆశ వదులుకోండి, ఇంట్లో గాలి ఆడదు. ఎండ నాలుగు గంటలు కూడా పడకపోతే థైమ్ కూడా వద్దు, పుదీనా, పార్స్లీతో సరిపెట్టుకోండి, లేదా ఎల్‌ఈడీ గ్రో లైట్ రోజుకి 12 నుంచి 14 గంటలు వేయండి.

ఎండ బాగా పడే బాల్కనీ ఉంటే పొడి మొక్కలకి ఒక వెడల్పు తొట్టె, అందులో థైమ్, సేజ్, ఒరెగానో కలిసి హాయిగా ఉంటాయి. రోజ్‌మేరీ పెద్దదవుతుంది, దానికి 30 సెంటీమీటర్ల కుండీ విడిగా. తడి మొక్కలు ఇంకోవైపు. నీళ్ల డబ్బా పట్టుకున్నప్పుడు ఏది ఏ వైపో ఆలోచించే పని ఉండదు.

తరచూ ఊళ్లు తిరిగేవాళ్లు బేసిల్ జోలికి పోవద్దు. థైమ్, రోజ్‌మేరీ వారం పది రోజుల గైర్హాజరీ పట్టించుకోవు.

చలికాలం గడ్డకట్టే చోట్ల థైమ్, సేజ్ బయటే గడిపేస్తాయి, రోజ్‌మేరీని, బేని ఇంట్లో చల్లగా వెలుతురున్న చోటికి తేవాలి, బేసిల్‌ని మొదటి మంచుకి ముందే మొత్తం కోసి ఫ్రీజర్‌లో పెట్టేయాలి.

వారానికి ఒక్కరోజే వండేవాళ్లకి నా సలహా కొంచెం నిరాశగా ఉంటుంది: మంచి ఎండు ఒరెగానో, ఎండు థైమ్, బే ఆకులు సీసాల్లో ఉంచుకుని, ఆ రోజుకి ఒక్క తాజా కట్ట తెచ్చుకోండి. వంటకంలో తాజా ఆకు రాసి ఉండి మీ దగ్గర ఎండుది ఉంటే మూడో వంతు వేయండి, తాజాది మూడు చెంచాలైతే ఎండుది ఒకటి. బేసిల్‌కీ పార్స్లీకీ ఈ లెక్క వర్తించదు, అవి లేకపోతే మానేయడమే నయం.

బయట కొండల్లో ఏరుకొచ్చుకుందాం అనే ఉత్సాహవంతులకి: థైమ్, ఒరెగానో, రోజ్‌మేరీ వరకు సరే, ఆకు నలిపితే వాసన దాచుకోలేదు. అయినా ఆ నేల ఎవరిదో, కోయడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి, వేరుతో పీకకుండా కొసలు మాత్రం కోయండి. అడవి పార్స్లీ అనుకుని ఏదీ కోయొద్దు. సోక్రటీస్‌కి ఇచ్చిన హెమ్లాక్ అనే విషపు మొక్క ఆ కుటుంబానిదే, ఆకు అచ్చం అలాగే ఉంటుంది, నున్నటి కాడ మీద ఊదా మచ్చలుంటాయి కానీ లేత మొక్కలో అవి సరిగ్గా కనపడకపోవచ్చు. బే అనుకుని గన్నేరు ఆకు, చెర్రీ లారెల్ ఆకు కోసేవాళ్లూ ఉంటారు, రెండూ విషమే.

వండేటప్పుడు, మిగిలిపోయినప్పుడు

గట్టి ఆకులు మొదట్లో, మెత్తటి ఆకులు చివర్లో. రోజ్‌మేరీ, థైమ్, సేజ్, బే నూనె వేడెక్కేటప్పుడో ఉడుకు మొదలయ్యేటప్పుడో పడాలి, వాటి వాసన కొవ్వులో కరిగి వంటంతా పాకుతుంది. బేసిల్, పార్స్లీ, డిల్, పుదీనా పొయ్యి కట్టేశాకే. బేసిల్‌ని పదునైన కత్తితో కోయండి లేదా చేత్తో చింపండి, మొద్దు కత్తితో రుద్దితే అంచులు వెంటనే నల్లబడతాయి.

తెచ్చిన కట్టల్లో బేసిల్‌ని ఫ్రిజ్ బయట, నీళ్ల గ్లాసులో, ఎండ తగలని చోట ఉంచండి. గట్టి ఆకుల్ని కాస్త తడిపిన పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి డబ్బాలో, ఫ్రిజ్‌లో.

మిగిలిన ఆకుని వెల్లుల్లితో కలిపి ఆలివ్ నూనె సీసాలో వేసి అరమీద పెట్టడం చూడ్డానికి బాగుంటుంది, చేయకండి. తాజా ఆకులో తడి ఉంటుంది, నూనె గాలిని రానివ్వదు, బాటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం బాక్టీరియాకి సరిగ్గా అదే కావాలి, పైగా పాడైనట్టు వాసనా రాదు, రంగూ మారదు. చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి. ఎక్కువ రోజులు కావాలంటే తరిగిన ఆకుని ఐస్ ట్రే గుంటల్లో నింపి, పైన నూనె పోసి గడ్డకట్టించి, గడ్డల్ని కవర్లో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచండి. వండేరోజు ఒక్కో గడ్డ నేరుగా వేడి పెనం మీదకి.